అరలు ఖాళీగా కనపడనీయని మామ

మా అంగళ్ల మేనేజరు, మేమంతా మామా అని పిలిచే పెద్దాయన, చనిపోయాడని నేను చెబితే మొదట ఎవరూ నమ్మలేదు. తప్పు వాళ్లది కాదు. నా నోటి నుంచి వచ్చే మాటల్లో సగం ఎవరినో ఒకరిని ఆడించడానికే వస్తాయని జమ్మలమడుగులో అందరికీ తెలుసు. ఆ సోమవారం పొద్దున అంగడి షట్టరు సగానికి ఎత్తానో లేదో ఫోను మోగింది. మా పులివెందుల అంగడి చూసుకునే అక్క. అలవాటు కొద్దీ మా యజమాని చిన్న షావుకారి గొంతు పెట్టి, "ఏమ్మా, అంగడి తెరిచినావా, ఇంకా దోసెలు పోసుకుంటాండావా?" అన్నాను. తిట్టు కోసం చెవి పెట్టాను. రాలేదు.

"అబ్బీ, ఎగతాళి ఇడిసిపెట్టు. మామ పోయినాడంట. తెల్లారి లేపితే పలకలేదంట."

ఎదురుగా ఉన్న టీ అంగడికి పోయి చెప్పాను. టీ కాసే ఆయన తల కూడా ఎత్తలేదు. "పొద్దున్నే మొదలుపెట్టినావా అప్పా? పోయిన నెల నాకు బాగలేదని చెప్పి మా బామ్మర్దిని ఆస్పత్రి దాంక పరిగెత్తిచ్చినావు. ఇప్పుడు ఆ పెద్దాయన దొరికినాడా నీకు?"

నేను పోయి బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి ఆయన నా మొహం చూసి, పొయ్యి తగ్గించి వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఏడుపు కన్నా ముందు నాకు భయం వచ్చింది. దాచి ఏం లాభం? మా పుస్తకాల అంగళ్లు మూస్తారా, ఉంచుతారా అన్న మాట కొన్ని నెలలుగా నడుస్తోంది. మూయనీయకుండా అడ్డంగా నిలబడిన మనిషి ఆయన ఒక్కడే. ఇప్పుడు ఆ అడ్డం తొలగిపోయింది.

ప్రొద్దుటూరులో కాలేజీ చదువు చదివిన వాళ్లయితే మీరు ఆయన్ను చూసే ఉంటారు. మాకు మూడు అంగళ్లు. ప్రొద్దుటూరులో పెద్దది, జమ్మలమడుగులో నేను చూసుకునేది, పులివెందులలో అక్క చూసుకునేది. మూడింటికీ ఆయనే మేనేజరు. ప్రొద్దుటూరు కౌంటరు వెనుక తెల్ల చొక్కాతో, జేబులో మడత నలగని చేతిరుమాలుతో కూర్చునేవాడు. మంగళవారం మా దగ్గరికి, గురువారం పులివెందులకు బస్సులో వచ్చేవాడు. పుట్టింది మాత్రం జమ్మలమడుగులోనే, మిషన్ కాంపౌండు వెనుక వీధిలో. ముత్తాత కాలంలో దొరల బడిలో అక్షరాలు నేర్చుకున్న కుటుంబం. పుస్తకాన్ని పట్టుకోవడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. కొత్త పుస్తకాన్ని మధ్యకు తెరిచి ఒకసారి వాసన చూసి, చేతిరుమాలుతో తుడిచి అరలో పెట్టేవాడు. ఎవరైనా వేలు నాలుకకు తాకించి పేజీ తిప్పితే, వచ్చింది లెక్చరరైనా సరే, "సార్, అది ఇంకొకరు కొనేది గదా" అనేవాడు. మెల్లగానే అనేవాడు. ఆ లెక్చరరు మాత్రం ఆ పుస్తకం కొని పోవలసి వచ్చేది.

నన్ను పనిలో పెట్టుకున్న తీరు చెబితే మీకు ఆయన అర్థమవుతాడు. మాది పెద్దముడియం దగ్గర ఒక పల్లె. మా నాయన గొర్రెలు మేపినవాడు. నన్ను చదివించాలని ఆయనకు పట్టుదల, తప్పాలని నాకు పట్టుదల. ఇంటర్ లెక్కల గైడు కొనడానికి మళ్లీ మళ్లీ ప్రొద్దుటూరు అంగడికి పోయేవాణ్ణి. ఒకసారి మామ గైడు చేతికివ్వకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"పోయిన తూరి కొన్నదేం జేసినావు?"

"చదివినా మామా."

"చదివినోని మొగం ఇట్లుండదు. ఇంక కొనొద్దులే. ఈడే ఉండి అమ్ము."

నేను ఆయన వేళాకోళం చేస్తున్నాడనుకున్నాను. మరుసటి రోజు పోతే నిచ్చెన చూపించి, పై అర దులపమన్నాడు. పరీక్ష తప్పినవాడు గైడులు అమ్మడమేమిటని తోటి పనివాళ్లు నవ్వితే, "పాసైనోనికి గైడుతో పనేముంది? తప్పినోనికే తెలుస్తాది అది యాడ చెయ్యి ఇడుస్తాదో" అన్నాడు. ఆ మాట నన్ను పొగిడిందో తిట్టిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

నా ఆకతాయితనం ఆయన దగ్గర మాత్రం పారేది కాదు. జమ్మలమడుగు అంగడి నాకప్పగించిన కొత్తలో ఒక రోజు పెద్ద షావుకారి గొంతు పెట్టి ఆయనకు ఫోను చేశాను. "మేనేజరూ, అంగళ్లు మూసేస్తాండాం, రేపట్నుంచి ఎవురూ రావద్దు."

"అట్లనే సార్," అన్నాడు మామ. "జమ్మలమడుగులో ఒగడుండాడు. ముందు వాన్ని పని నుంచి తీసేసి ఇంటికి పంపిచ్చేదా?"

నేను గబుక్కున, "మామా, నేనే మామా" అని అరిచాను. ఆయన వారం పాటు ఆ సంగతి చెప్పుకుని నవ్వాడు. ఆ రోజుల్లో మూసేయడం అనేది నవ్వుకోవడానికి పనికొచ్చే మాట.

ఆ మాటకు నవ్వడం ఎప్పుడు మానేశామో నాకు తెలుసు. పుస్తకాల అంగట్లో పనిచేసే వాళ్లకు తప్ప ఎవరికీ పట్టని సంగతి ఒకటుంది. వ్యాపారం బాగున్నప్పుడు పుస్తకాలు వీపులు, అంటే పేరు రాసిన అంచులు, చూపిస్తూ ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. వేలు దూర్చడానికి సందు ఉండదు. సరుకు తగ్గే కొద్దీ వాటిని తిప్పి, అట్ట కనపడేలా పెడతాం. వీపులు చూపిస్తే పది పుస్తకాలు పట్టే చోటు అట్ట చూపిస్తే ఒకటి రెండింటితోనే నిండినట్టు కనపడుతుంది. కొనేవాళ్లకు అది అలంకారం. మాకు మాత్రం అది జ్వరం చూసే గాజుగొట్టం లాంటిది. మామ ఆ పని తన చేత్తోనే చేసేవాడు. "ఖాళీ ర్యాకు చూసినోడు లోపలికి రాడప్పా. ఇల్లు ఖాళీ చేసేటోల్ల దగ్గర ఎవురన్నా చుట్టరికం కలుపుకుంటారా?" అనేవాడు. ఒక్కో మంగళవారం ఆయన వచ్చి ఇంకొక వరసను ఇటు తిప్పి పోతుంటే, అట్టల మీద నవ్వుతున్న ర్యాంకు పిల్లల ఫొటోలు మా మీదే నవ్వుతున్నట్టు ఉండేవి.

ఎందుకు తగ్గిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పెద్ద కాలేజీలు పుస్తకాలు ఫీజులోనే కలిపి లోపలే ఇస్తున్నాయి. మిగిలిన పిల్లలు ఫోనులో పేజీల ఫొటోలు పెట్టుకుంటున్నారు. పులివెందులలో మాత్రం గనులుండే తుమ్మలపల్లె వైపు నుంచి వచ్చే కుర్రాళ్లు పోటీ పరీక్షల పుస్తకాలు అడుగుతారు. మా జమ్మలమడుగులో గండికోట చూడటానికి పోయేవాళ్లు కారు దిగి వచ్చి నీళ్ల సీసాలు అడుగుతారు. ఒకాయన కోటకు దారి అడిగితే డిగ్రీ చరిత్ర పుస్తకం చేతిలో పెట్టి, "దారి దీంట్లో ఉండాది సార్, రవ్వంత పాత దారి" అని అమ్మాను. ఆ నెలంతా మా అంగడిలో చరిత్ర పుస్తకం అమ్ముడుపోయింది అదొక్కటే అనుకుంటాను.

పెద్ద షావుకారు కాలం చేశాక ఆయన కొడుకు చిన్న షావుకారు చేతికి వచ్చాయి అంగళ్లు. చెడ్డవాడేం కాదు. చిన్నప్పుడు మామ చేతుల మీదనే పెరిగాడు, మామా అనే పిలుస్తాడు. కానీ ప్రొద్దుటూరులో వాళ్ల బావమరుదులకు బంగారు అంగళ్లు ఉన్నాయి. ఉంగరం ఒకటి అమ్ముడుపోయే సేపట్లో మా దగ్గర పెన్సిలు కూడా పోదు. ఈ ఎండాకాలం మొదట్లో ఆయన ఒక మాట అన్నాడు: మూడు అంగళ్లూ నేనే వచ్చి చూస్తాను, చూసినాక ఏది ఉంచాలో, ఏది తీయాలో చెబుతాను.

ఆ మాట విన్న మామ మా ఇద్దరినీ ప్రొద్దుటూరుకు పిలిపించాడు. అక్క ఇంటి నుంచి శనక్కాయల ఊరుబిండి పచ్చడి తెచ్చింది. గోడౌనులో అట్టపెట్టెల మీద కూర్చుని అన్నం తిన్నాం. తినడం అయ్యాక మామ చేయి తుడుచుకుని, "సారు ఒకే రోజు మూడు చోట్లకు పోడు. ఈడ చూసి, రెండు రోజులాగి జమ్మలమడుగు, ఆ తర్వాత పులివెందుల. సరుకు ఆయన కన్నా ముందు పోవాల" అన్నాడు.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అయ్యాక ఆయన మోకాలు పట్టుకుని నవ్వాను. "మామా, ఈ వయసులో నాకు పోటీ వస్తాండావే!"

"నవ్వొద్దు," అన్నాడు ఆయన. "పెద్ద షావుకారు ఎప్పుడొచ్చినా ర్యాకులే చూసేటోడు. నిండుగుంటే కాఫీ తాగి పోయేటోడు. ఇది అంగడి మర్యాద."

అక్కకు మాత్రం భయం. "తెలిస్తే మామా?"

"పుస్తకాలు మాట్లాడవు గదమ్మా," అన్నాడు.

అట్లా మా ముగ్గురి బతుకులూ అట్టపెట్టెల్లో ఎక్కి తిరిగాయి. ప్రొద్దుటూరులో సారు చూసి వెళ్లిన సాయంత్రమే పెట్టెలు కట్టాం. మరుసటి పొద్దున లగేజీ ఆటోలో అవి మా దగ్గరికి వచ్చాయి. నేను వాటిని అరల్లో సర్దుతుంటే పెళ్లికి ఇల్లు సర్దినట్టు ఉంది. ఎన్నో ఏళ్ల తర్వాత పుస్తకాలన్నీ వీపులు చూపిస్తూ భుజం భుజం రాసుకుని నిలబడ్డాయి. టీ అంగడి ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏందప్పా, లాటరీ తగిలిందా?" అన్నాడు. మామ ప్రతి పుస్తకాన్నీ చేతిరుమాలుతో తుడిచాడు. వాసన మాత్రం చూడలేదు. అవి కొత్తవి కావు కదా.

చిన్న షావుకారు వచ్చాడు. ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచాడు. కాఫీ తెప్పించాను. తాగలేదు. నుదురు రుద్దుకుంటూ, "మామా, ప్రొద్దుటూరులో ఇంత సరుకుండాది. ఈడా ఇంతే ఉండాది. అమ్ముడుపోకనే గదా ఇంత పేరుకున్నేది? నేననుకున్నదాని కన్నా శానా అధ్వానంగా ఉండాదే మన పరిస్థితి!" అన్నాడు.

మామ మొహం నేను అప్పుడు చూశాను. పెద్ద షావుకారికి నిండుగా ఉన్న అర మంచి వ్యాపారం. కొడుక్కు అదే అర అమ్ముడుపోని సరుకు. ఆ తేడా మాలో ఒక్కరికీ తట్టలేదు. జీవితంలో ఎన్నో వేషాలు వేశాను కానీ, మా వేషం మా మెడకే చుట్టుకోవడం అదే మొదటిసారి. సారు కారెక్కి పోయాక, "మామా, పులివెందులలో సగమే పెడదాం" అన్నాను. ఆయన అట్టపెట్టె మూత మూస్తూ, తెరుస్తూ కూర్చున్నాడు. "ఆడ గూడా నిండుగనే పెట్టు. సగం పెడితే అబద్ధం రెండైతాది" అన్నాడు.

పులివెందులలో జరిగింది అక్క చెప్పగా విన్నాను. సారు అక్కడి నిండు అరలు చూసి, కుర్చీలో కూలబడి, "ఇంక నావల్ల కాదు. ప్రొద్దుటూరు ఒక్కటే ఉంచుతా. ఈ రెండూ ఈ నెల్లోనే ఎత్తేద్దాం" అన్నాడట. అక్క కౌంటరు పట్టుకుని నిలబడిపోయిందట. అప్పుడు మామ చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు.

"సార్, మూడు అంగళ్లు మీరు చూడలే. ఒగే అంగడిని మూడు తూర్లు చూసినారు."

"అంటే?"

"ఈ పుస్తకాలే ఆడా, ఈడా. మేమే తిప్పినాం. సరుకు పేరుకుపోలేదు సార్, తక్కువుండాది. ర్యాకులు ఖాళీ. మీకు చూపియ్యాలంటే సిగ్గైంది."

సారు కుర్చీలో నుంచే అరలన్నీ ఇంకోసారి చూశాడట. తర్వాత నవ్వాడట. ఆ నవ్వు ఏ రకమో అక్క ఎంత అడిగినా చెప్పలేకపోయింది. నేనడుగుతూనే ఉన్నాను. "కోపంగానా, మామూలుగానా?" అంటే, "నవ్వినాడు అబ్బీ, అంతే" అంటుంది. చివరకు సారు, "ఆలోచించి చెప్తా మామా" అని లేచిపోయాడు.

ఆ ఆలోచన తెమలకుండా వారాలు గడిచాయి. అప్పటి నుంచి మామ మంగళవారమే కాదు, వీలు దొరికితే చాలు బస్సెక్కి వచ్చేవాడు. వచ్చి చేసేదేం లేదు. కుర్చీ గుమ్మం దగ్గర వేసుకుని, రోడ్డు మీద పోయే కాలేజీ పిల్లల సంచుల వైపు చూసేవాడు. ఒక రోజు నన్ను అడిగాడు.

"మూసేస్తే ఏం చేస్తావప్పా?"

"గొర్రెలు కాస్తా మామా."

"నీ మాట గొర్రెలు గూడా ఇనవు."

ఇద్దరం నవ్వాం. నవ్వు అయిపోయాక నేను వేళ్ల మీద ఇంటి ఖర్చులు లెక్కపెట్టసాగాను. నా వయసు వాణ్ణి ఎవడు పనిలో పెట్టుకుంటాడు? ఇంట్లో అమ్మాయి డిగ్రీలో ఉంది. నాకు వచ్చింది రెండే పనులు, పుస్తకాలు అమ్మడం, మనుషులను ఆడించడం. రెండోదానికి జీతం లేదు. మామ అది గమనించాడేమో, లేచి చొక్కా సర్దుకుంటూ, "మూసేది వాళ్ల ఇష్టం. మూసేదాంక తెరిచేది మన పని. రేపు ఎనిమిదికే తెరువు" అన్నాడు. ఆయన నాతో అన్న మాటల్లో నాకు మిగిలింది అదే. ఇంకొక సంగతి ఆయన పోయాకే తెలిసింది. మా రెండు అంగళ్లలో ఎవరిది తక్కువ అమ్మకమో ఆయన ఎప్పుడూ అక్కకు గానీ నాకు గానీ చెప్పలేదు. ఇద్దరికీ, "నువ్వే రవ్వంత మేలు" అని చెప్పి పోయేవాడట.

మట్టి చేసింది జమ్మలమడుగులోనే, ఆయన తల్లిదండ్రుల సమాధుల పక్కన. ఆ రోజు మూడు అంగళ్లూ మూశాం. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే నేను తల వంచుకున్నాను కానీ, కళ్లు మాత్రం చిన్న షావుకారి మీదే ఉన్నాయి. ఆయన శవపెట్టెకు భుజం పట్టాడు. గుంట అంచున నిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అది చూసి నాకు ధైర్యం రావాలి కదా, రాలేదు. మామ మీద ప్రేమ వేరు, అంగడి మీద లెక్క వేరు అని నా బుర్ర చెబుతూనే ఉంది. మా ఆవిడ ఇంటికొచ్చాక అన్నది: "పిడికెడు మన్ను వేసేటప్పుడు గూడా గుంటలోకి చూడకుండా సారు మొగం చూస్తాంటివి." నిజమే. ఏం చేయను?

సమాధుల తోట నుంచి సైకిలు కోసం అంగడి దగ్గరికి వస్తే, మూసిన షట్టరు ముందు పక్క మొబైలు అంగడి కుర్రాడు గోడ కొలుస్తున్నట్టు చూస్తున్నాడు. "అప్పా, ఎత్తేసినారంట గదా. రూము ఎవురికన్నా మాట్లాడినారా? ఓనరుకు నా మాట చెప్పు."

"మాట్లాడినాం," అన్నాను. "నీ అంగడి గూడా కలుపుకోని ఈడ కాలేజీ పెడతాండాం. నీకు గేటు కాడ ఉద్యోగం చెప్పినా. లుంగీ మీద రావొద్దు."

వాడు సిగ్గుపడి లోపలికి పోయాడు. నేను షట్టరుకు వీపు ఆనించి అప్పుడు ఏడ్చాను.

మామ కుటుంబాన్ని ఓదార్చే ఆదరణ కూడిక రోజున చర్చి గేటు దగ్గర సారును పట్టుకున్నాను. అక్క నా వెనుక నిలబడి చీర చెంగు నలుపుతూ ఉంది. "సార్, మా సంగతి" అన్నాను. ఫోనులో ఆయన గొంతు పెట్టి ఆడించేవాణ్ణి, ఆ రెండు మాటలు మాత్రం నా సొంత గొంతుతోనే వచ్చాయి. సారు చెప్పులు వేసుకుంటూ ఆగాడు. "కాలేజీలు తెరిచేదాంక చూస్తా. కానీ ఒక్క మాట. కొనేటోళ్లు అడిగిన పుస్తకం బస్సుకు తెప్పిచ్చుకోండి, తప్పులేదు. చూపిచ్చేదానికి మాత్రం సరుకు తిప్పొద్దు. ఉండేదే కనపడాల. దాన్ని చూసే నేను తేల్చుకుంటా." ఏది ఉంచుతాడో, ఎవరిని ఉంచుతాడో చెప్పలేదు. మేము అడగలేదు. అడిగితే చెప్పేస్తాడేమోనని భయం.

మరుసటి రోజు ఎనిమిదికే తెరిచాను. మామ అట్టలు కనపడేలా తిప్పిన పుస్తకాలన్నీ మళ్లీ వీపులకు తిప్పి ఒక పక్కకు చేర్చాను. అన్నీ కలిపి ఒక మూలకు సరిపోయాయి. మిగతా చెక్కలు బోసిగా బయటపడ్డాయి. ఏళ్ల తరబడి పుస్తకాలు నిలబడిన చోట చెక్క రంగు లేతగా ఉంది. తడిగుడ్డ పెట్టి తుడిచాను. నేల కూడా తుడిచాను. ఇంకేం చేయాలో తోచక మళ్లీ మళ్లీ తుడుస్తూనే ఉన్నాను. అక్క ఫోను చేసింది. "నాదంతా బోడిగా ఉండాది అబ్బీ. నీది?" "నాదీ అంతే అక్కా," అన్నాను. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ ఖాళీయో ఇద్దరమూ అడగలేదు. ఇంతకు ముందు ఆమెను ఆట పట్టించకుండా ఫోను పెట్టిన రోజు లేదు.

పదకొండు ప్రాంతంలో మా పెద్దముడియం వైపు నుంచి ఒక తల్లి, కూతురు వచ్చారు. కూతురికి నర్సింగు చదువు పుస్తకం కావాలట. గుమ్మంలోనే నిలబడి ఆ తల్లి లోపలంతా చూసింది.

"ఏందప్పా, అంగడి ఎత్తేస్తాండారా? అంతా ఖాళీ చేసినారు?"

ఎవరైనా అడగాలే గానీ, ఇలాంటి ప్రశ్నకు నా దగ్గర బదులు సిద్ధంగా ఉంటుంది. రంగులు వేస్తున్నామనో, గవర్నరు వస్తున్నాడనో చెప్పగలను. చేతిలోని తడిగుడ్డ పక్కన పెట్టాను.

"తెల్దుమ్మా. కాలేజీలు తెరిచినాంక తెలుస్తాది."

"మా పాప పుస్తకం ఉండాదా?"

"ఈడ లేదు. ప్రొద్దుటూరులో ఉండాది. ఫోను చేస్తే బస్సుకు వేస్తారు. రవ్వంత సేపు పడతాది."

ఆమె కూతురి వైపు చూసింది. కూతురు నా వైపు చూసింది. వాళ్లు వెనక్కి తిరిగి పోతారనుకున్నాను.

"వస్తాదంటే కూసుంటాం," అన్నది తల్లి. "మళ్లా ఎవురు తిరుగుతారు ఎండలో?"

ఫోను చేశాను. నేల ఇంకా తడిగానే ఉంది. ఆమె చేతిలో సంచి ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూసి, ఎదురుగా ఉన్న ఖాళీ అరలో పెట్టింది. అందులో నుంచి అన్నం గిన్నె తీసి పక్కన పెట్టింది. దాని పక్కన నీళ్ల సీసా. కూతురు తన గొడుగు మడిచి పై అరలో ఆనించింది. పుస్తకాల అరలో అన్నం గిన్నె పెడితే మామ ఊరుకునేవాడు కాదు. బస్సుకు ఇంకా టైముంది. నేను తీయమనలేదు.